ఇద్దరికీ ఒకే నాలుక

ప్రేమగా మాట్లాడే మగవాడి గొంతు బాతు గొంతులా ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. ఏడాదికి పైగా ఆ గొంతుతోనే వేగుతున్నాను.

దివాకర్ ఉండేది సముద్రం అడుగున. కాకినాడ రేవు నుంచి ఓడలో ఒక పూట ప్రయాణం, అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు నిట్టనిలువుగా కిందికి. మూడు కిలోమీటర్లంటే మా ఇంటి నుంచి భానుగుడి సెంటరుకు ఉన్నంత దూరం. ఆటో ఎక్కితే డ్రైవరు పెట్టిన పాట పూర్తయ్యేలోపు దిగిపోవచ్చు. కానీ అడుగున వాళ్లు ఉండే కేంద్రంలోని ఒత్తిడికి అలవాటుపడ్డ మనిషి గబగబా పైకి రాకూడదు. వస్తే మూత తీసిన సోడాలా ఒంట్లో రక్తం పొంగుతుంది. అందుకని ఒకసారి దిగితే రెండేళ్లు అక్కడే. నేల మీద పరుచుకున్న లోహపు గడ్డల్ని ఏరే యంత్రాలను చూసుకోవడం అతని పని. పీల్చే గాలి ముప్పాతిక మువ్వీసం హీలియం. అది పీల్చిన గొంతు బాతులా పలుకుతుంది. ఆ గొంతును సరిచేసే పెట్టె ఒకటి మా ల్యాబ్‌లో ఉంది. సరిచేశాక జలుబు చేసిన బాతులా వినిపిస్తుంది.

"నిన్నంతా నీ గురించే ఆలోచించాను వారిజా" అని ఆ గొంతు అంటే సిగ్గుపడాలా, నవ్వాలా? నాకు చిరాకొచ్చేది.

అసలీ గొడవంతా ఎలా మొదలైందో చెబుతాను. అంత ఒత్తిడిలో మనిషి నాలుకకు రుచి తెలియదు. మొదటి విడతగా దిగినవాళ్లు తిండి మీద ధ్యాస పోయి, పైకి వచ్చేసరికి ఎముకల గూళ్లయ్యారు. దానికి విరుగుడు కనిపెట్టినవాడు మా ల్యాబ్ పెద్ద, డాక్టర్ పేర్రాజు. అంగిట్లో అంటించుకునే చిన్న బిళ్ల. పైన ఒకరు బిళ్ల పెట్టుకుని తింటే, కింద బిళ్ల పెట్టుకున్న ఇంకొకరికి ఆ రుచి తెలుస్తుంది. వాళ్లు నమిలేది ఉప్పూ పులుపూ లేని పిండిముద్దే అయినా, నోట్లో మాత్రం పప్పు, చారు, ఆవకాయ.

పైన తినడానికి నన్ను ఎంచుకున్నారు. మరి ల్యాబ్ పక్కనున్న పచ్చళ్ల కంపెనీలో నా ఉద్యోగమే రుచి చూడటం. ఎగుమతికి వెళ్లే రొయ్యల పచ్చళ్లు, కారప్పొడులు, వేపుళ్లు నా నాలుక దాటితేనే సీసాలకెక్కేవి. గారె కొరికి, అది వేగిన నూనె అంతకుముందు ఎన్నిసార్లు కాగిందో చెప్పేదాన్ని. గొప్ప కోసం చెప్పడం లేదు. నాకున్న ఆస్తి అదొక్కటే.

"నీకు పోయేదేం లేదమ్మా వారిజా" అన్నాడు పేర్రాజు. "నువ్వు తిన్నదాని కాపీ కిందకెళ్లిపోద్ది. అసలు నీ దగ్గరే ఉంటది."

మొదటి రోజు ల్యాబ్‌లో అందరూ నా చుట్టూ నిలబడ్డారు. నేను మిరపకాయ బజ్జీ కొరికాను, మధ్యలో ఉల్లిపాయ కూరినది. కింద దివాకర్ అనే ఇంజినీరు బిళ్ల పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ మనిషికి దక్కిన మొదటి రుచి అది. ఏమంటాడోనని అందరూ స్పీకరు మీదికి వంగారు. స్పీకరు బరబరలాడింది.

"ఉల్లిపాయ వేగలేదండి."

నాకు ఒళ్లు మండింది. మైకు లాక్కున్నాను. "ఇన్నాళ్లూ పిండి మింగిన మనిషికి వంకలు కూడానా?"

"ఏడుస్తూ చెప్తున్నానండి. చాలా బావుంది. కానీ నిజంగానే వేగలేదండి."

నిజంగానే వేగలేదు. ఆ సంగతి నాకూ తెలుసు. మా ప్రేమ ఒక వంకతో మొదలైంది, తర్వాత కూడా అలాగే నడిచింది.

రోజూ మధ్యాహ్నం ల్యాబ్‌లో నేను తినేదాన్ని, అతను రుచి చూసేవాడు, ఆ తర్వాత కాసేపు మాట్లాడుకునేవాళ్లం. "ఇవాళ చేతికి సబ్బు సరిగా వదల్లేదు" అనేవాడు. "కోపంగా ఉన్నావా, నమలకుండా మింగేస్తున్నావ్" అనేవాడు. ఒకరోజు మా అమ్మ సంవత్సరీకం అయిపోయిన మర్నాడు, పెరుగన్నం తింటున్నాను. నేనేమీ చెప్పలేదు. తినడం అయ్యాక అతనే అడిగాడు. "ఉప్పెక్కువైంది. ఏడ్చావా?"

ఆ రోజే నాకు అతనంటే ప్రేమ కలిగింది. అంత దగ్గరగా నన్ను ఎవరూ చూడలేదు. ఆ మాట బాతు గొంతుతో అన్నాడన్నది కూడా నాకు గుర్తు రాలేదు.

ప్రేమ కుదిరాక కోరికల చిట్టా మొదలైంది. సోమవారం గోంగూర, మంగళవారం పనసపొట్టు కూర, పులస దొరికితే పులస. నాకు పనస పడదు. అయినా తిన్నాను. నాకు ప్రాణమైన కాకరకాయ వేపుడు మాత్రం అతనికి పనికిరాదు. నల్లగా, కరకరలాడేలా వేయించుకుని ఒకరోజు ఇష్టంగా తింటుంటే స్పీకర్లో బాతుని ఎవరో తొక్కినట్టు కేక. "అమ్మో, చేదు! ఉమ్మేసెయ్, ఉమ్మేసెయ్!" ఉమ్మేశాను. ఆ తర్వాత మా ఇంట్లోకి కాకరకాయ రాలేదు. నా నోరు, నా కూర, నా జీతం, అయినా రాలేదు.

ఇంతవరకు నయం. ఆ తర్వాత మాణిక్యాంబగారు రంగంలోకి దిగారు.

ఆవిడ దివాకర్ వాళ్లమ్మ. సామర్లకోటలో ఉంటారు. కొడుకు ఒక పిల్ల నోటితో అన్నం తింటున్నాడని తెలిసిన వారానికే పొద్దున్నే బస్సెక్కి, క్యారియరు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. బిళ్ల ల్యాబ్‌లో మధ్యాహ్నం ఒక్కపూటే పెట్టుకోవాలని పేర్రాజు నియమం. ఆ సంగతే చెప్పాను.

"మధ్యాన్నం మాత్రం తింటే సరిపోద్దా తల్లీ? పొద్దున్న ఏమీ లేకుండా ఆడు పనిలోకెలా దిగుతాడు? పెసరట్లు ఏడిగా ఉన్నాయి. ఆ బిళ్ల తెచ్చి పెట్టుకో, పెట్టుకో."

వద్దు అనాలి. ఆ ఒక్క మాట అంటే ఈ కథే లేదు. కానీ కాబోయే అత్తగారేమో, వయసులో పెద్దావిడ, అంత దూరం నుంచి వేడివేడిగా మోసుకొచ్చింది. నా మొహమాటం తగలెయ్య, బిళ్ల ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. పొద్దున ఆవిడ టిఫిను, మధ్యాహ్నం ల్యాబ్ భోజనం, సాయంత్రం మళ్లీ ఆవిడ వదిలి వెళ్లిన పులిహోరో, దిబ్బరొట్టో. పేర్రాజుకు తెలుసు. కింద దివాకర్ బరువు పెరుగుతోంది కదా అని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"నెమ్మదిగా నమలవే అమ్మాయ్, ఆడికి అందొద్దా?" అనేవారు మాణిక్యాంబగారు. నాకు ఆకలి తీరినా ముద్దలు ఆగేవి కావు. అన్నిటికన్నా నన్ను పిచ్చెక్కించింది ఇంకొకటి. ముద్ద నోట్లో పెట్టి, నా గడ్డం పట్టుకుని, తెరిచిన నోట్లోకి వంగి గట్టిగా అడిగేవారు. "నాన్నా, బావుందా? కారం ఎక్కువైందా?"

"నా నోరు ఫోను కాదండీ" అనేదాన్ని.

"అండీ గిండీ ఏంటే, అత్తయ్యా అనొచ్చుగా."

అనలేదు. ఎవరూ ఇంకా అడగలేదు, నేను ఇంకా ఒప్పుకోలేదు. అప్పుడే వరస కలిపేస్తే ఎలా? ఆ ఒక్క మాట మాత్రం పళ్లబిగువున దాచుకున్నాను. మిగతావన్నీ మింగేశాను.

ఆ మధ్య ఆఫీసులో ఒక చిన్న పొరపాటు జరిగింది. ముక్కిపోయిన నూనెతో కలిపిన పచ్చడిని బాగుందని సంతకం పెట్టేశాను. పక్క సీటతను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. జలుబు చేసిందేమోలే అన్నాను. జలుబు లేదు.

తర్వాత పెళ్లిచూపులు పెట్టారు. పెళ్లికొడుకు సముద్రం అడుగున ఉంటే చూపులేమిటని మా నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మాణిక్యాంబగారు వినలేదు. ముహూర్తం పెట్టించారు, చుట్టాలను తెచ్చారు. పేర్రాజు స్పీకరు, గొంతు పెట్టె మోసుకొచ్చి మా హాల్లో బిగించాడు. చాప మీద ఒక పీట వేసి, దాని మీద స్పీకరు పెట్టి, స్పీకరుకు బొట్టు పెట్టారు.

మా ఇంటి ఆచారం ప్రకారం పెళ్లికొడుకు ముందు ఫలహారం పెట్టాలి, అతను ముట్టాలి. స్పీకరు ముట్టదు కదా. అందరూ నా వైపు చూశారు. పట్టుచీర కట్టుకుని, నాలుగు మూరల మల్లెపూలతో, పెళ్లికొడుకు పళ్లెంలోది పెళ్లికొడుకు తరఫున పెళ్లికూతురే తిన్న పెళ్లిచూపులు ఈ భూమి మీద మావేనేమో. మా పిన్ని కొడుకు నవ్వాపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయాడు.

"వారిజా" అంది స్పీకరు. "నేనీ మాట ఎదురుగా వచ్చి చెప్పాలనుకున్నాను. ఆగలేకపోతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

క్వాక్ క్వాక్ మన్నా సరే, నా గుండె ఝల్లుమంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఔననే చెబుదామనుకున్నాను. చెప్పేలోపే మాణిక్యాంబగారు "ముందు నోరు తీపి చెయ్యవే" అంటూ ఆత్రేయపురం పూతరేకు నా నోట్లో కుక్కేశారు.

కాగితం. పూతరేకు ఎలాగూ కాగితంలాగే ఉంటుంది, ఆ మాట కాదు నేను చెప్పేది. నోట్లో నెయ్యి కరుగుతోంది, బెల్లం పొడి పళ్ల మధ్య గరగరలాడుతోంది, రుచి మాత్రం లేదు. ఇంకోసారి నమిలాను. లేదు.

"అబ్బ, నెయ్యి ఎంత కమ్మగా ఉందో" అంది స్పీకరు.

లేచి నిలబడ్డాను. నోట్లో వేలు పెట్టి అందరి ముందూ ఆ బిళ్ల పీకి పళ్లెంలో వేశాను. ఉప్పు డబ్బా తెచ్చుకుని చెంచాడు నోట్లో పోసుకున్నాను. ఇసుక. కారం వేసుకున్నాను. మంట తెలిసింది, కారం తెలియలేదు. చుట్టాలు పిల్లకు పిచ్చెక్కిందనుకున్నారు.

మర్నాడు ల్యాబ్‌లో పేర్రాజు నా నాలుకకు తీగలు తగిలించి చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"అది కాపీ కాదమ్మా. పంపకం. నరంలో నుంచి కొంత కిందకి పోతోంది. ఒక్కపూటైతే మిగతా రోజంతా నరం తేరుకుంటది. మూడు పూటలా వాడేసరికి..."

"కాపీ అన్నారు మీరు."

"అలాగే అనుకున్నాను."

"తిరిగొస్తుందా?"

"రావచ్చు."

"రాకపోతే?"

"రావచ్చమ్మా."

ఆ రావచ్చు అన్న మాటను ఆయన నోట్లోనే కుక్కాలనిపించింది. అదీ చాలదన్నట్టు, నెమ్మదిగా గొంతు సవరించుకుని అడిగాడు. "బిళ్ల లేకపోతే మరి ఆ అబ్బాయి తిండి సంగతి?"

సాయంత్రం మాణిక్యాంబగారు అదే అడిగారు, ఏడుస్తూ. "ఆడు పస్తులుంటాడే తల్లీ, ఒక్కపూటైనా..." మా నాన్న కూడా "పాపం కుర్రాడు" అన్నాడు. పాపం కుర్రాడట! నోటికింత రుచి తెలియక, కాఫీ అంటే వేడి, అన్నం అంటే మెత్తన అని తడుముకుంటూ తింటున్న నేను ఎవరికీ పాపం అనిపించలేదు. ఆఫీసులో నన్ను సీసాలకు కాగితాలు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నా సీట్లో ఇంకొకర్ని వేశారు. ఆ రోజు తలుపేసుకుని ఏడ్చాను. ఆ కన్నీళ్లు పెదాల మీదికి జారినా ఉప్పగా లేవు.

రెండు రోజులు దివాకర్ దగ్గర నుంచి మాట లేదు. నేనే మైకు దగ్గరికి వెళ్లాను.

"బిళ్ల తీసేశాను" అన్నాడు.

"నాది నేనెప్పుడో తీసేశాను. నువ్వు తీసి చేసేదేముంది? తింటున్నావా?"

"పిండి మింగుతున్నాను."

"కడుపు నిండా తిను. నాకు త్యాగాలు చేసే మొగుడొద్దు."

"మొగుడన్నావు."

"మాట వరసకన్నాను! దివాకర్, సూటిగా ఒకటడుగుతాను చెప్పు. నీకు కావాల్సింది నేనా, నా భోజనమా?"

సినిమాల్లో అయితే ఇక్కడ నువ్వేనని చెబుతారు. ఇతను చెప్పలేదు.

"తెలీదు వారిజా. నాకు రెండూ ఒకేసారి వచ్చాయి. విడదీసి ఎప్పుడూ చూడలేదు."

మైకు కట్టేశాను. ఆ నిజాయితీని ఏం చేసుకోను, ఉప్పేసుకుని నాకనా? నాకు ఉప్పు కూడా తెలియదే. అబద్ధమైనా చెప్పి ఉంటే తిట్టుకోవడానికి వీలుండేది. అతనితో మాట్లాడటం మానేశాను. ఔనని గానీ కాదని గానీ చెప్పలేదు. నాలుకే లేనిదాన్ని చేసుకుని అతనేం చేస్తాడో, రేపు పెళ్లయ్యాక నా వంట తిని "ఇది ఆ రుచి కాదే" అంటే నేనేం చేస్తానో, ఇదే ఆలోచన.

కొన్ని వారాలకు పేర్రాజు కబురు తెచ్చాడు. దివాకర్ గడువు ముగియకుండానే పైకి వచ్చేస్తున్నాడట. ఓడ మీదున్న ఇనుప గదిలో కూర్చోబెట్టి, రోజుకింత చొప్పున ఒత్తిడి దించుతున్నారట. ఓడ రేవులోనే ఉంది. ఒత్తిడి తగ్గేకొద్దీ అతని నాలుక తేరుకుంటోంది. ఇంకొన్నాళ్లకు గానీ తలుపు తెరవరు.

"ఆ అబ్బాయి ఒకటడుగుతున్నాడమ్మా" అన్నాడు పేర్రాజు. "దారి తిప్పమంటున్నాడు. తను తింటాడంట, నువ్వు రుచి చూడాలంట. బయట నుంచి రుచి అందితే నీ నరం మళ్లీ లేచే వీలుంది. రావచ్చు అనను, నీకు కోపమొస్తది. అతని నాలుక ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది కాబట్టి అతనికి కొంత నష్టం. చెప్పాను. ఫర్లేదన్నాడు."

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను.

ఓడ లోపల ఆ గది నీళ్ల ట్యాంకరులా ఉంది. పక్కన పళ్లెమంత గుండ్రటి అద్దం. అద్దం వెనక దివాకర్. ఇన్నాళ్లకు మనిషిని ఎదురుగా చూడటం అదే మొదలు. ఫొటోలో ఉన్నవాడిలో సగం అయ్యాడు. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి ఊపాలో వద్దో తెలియక బనియను సర్దుకున్నాడు.

మాణిక్యాంబగారు నాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. ఒళ్లో పెద్ద క్యారియరు. కళ్లు వాచి ఉన్నాయి. నావైపు చూడలేకపోతున్నారు.

"ఏడాదిన్నర తర్వాత ఆడు సొంత నోటితో రుచి చూసి తినే మొదటి ముద్ద" అన్నారు గొణుగుతున్నట్టు. "గుత్తొంకాయ చేసుకొస్తానన్నాను. చేపల పులుసన్నాను. వద్దన్నాడు. కాకరకాయ వేపుడు చేసి తెమ్మన్నాడు. ఆడి చిన్నప్పటి నుంచి మా ఇంట్లో పొయ్యెక్కని కూరమ్మా అది. ఎలా వండాలో పక్కింటావిడ్ని అడిగి వండాను."

బిళ్ల పెట్టుకున్నాను. గోడలో ఉన్న చిన్న అరలోంచి గిన్నె లోపలికి పంపారు. దివాకర్ ఒక ముద్ద కలిపి, నావైపు ఒకసారి చూసి, నోట్లో పెట్టుకున్నాడు. అతని ముఖం కషాయం తాగించిన చంటిపిల్లవాడి ముఖంలా ముడుచుకుపోయింది. అయినా నమిలాడు. నెమ్మదిగా, నాకు అందేలా.

నాకేమీ తెలియలేదు.

పేర్రాజు మీటరు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. దివాకర్ ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. అదీ అంతే. అతని నుదుట చెమట పట్టింది. "చాలు, ఆపెయ్" అన్నాను మైకులో. వినలేదు. ఇంకో ముద్ద. నాకు కోపం ముంచుకొచ్చింది. అతని మీద, పేర్రాజు మీద, ఈ ఇనుప గది మీద, వేడి పెసరట్లకు లొంగిపోయిన నా మీద. ఎవడు తినమన్నాడు ఇతన్ని, ఎవరి కోసం ఈ...

నాలుక వెనక, గొంతు దగ్గర, సన్నగా ఏదో తగిలింది.

కదల్లేదు. కళ్లు మూసుకున్నాను. అది మెల్లగా ముందుకు పాకింది. చేదు. చేదే! ఇన్నాళ్లూ నేను వదులుకున్న చేదు, నాలుక అంచుల దాకా వచ్చి కూర్చుంది. దాని వెనకే నూనె, ఆ నూనె వెనక మాడిన వెల్లుల్లి, ఆ వెనక ఇంకేదో అడ్డుపడుతోంది, కాకరకాయలో ఉండకూడనిది, చేదుని చేదులా ఉండనివ్వకుండా...

గిరుక్కున వెనక్కి తిరిగాను.

"కాకరకాయలో బెల్లం ఎందుకేశారత్తయ్యా?"

"కూసింతేనే! ఆడు తట్టుకోలేడని..." అంటూ మాణిక్యాంబగారు చటుక్కున ఆగిపోయారు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. పేర్రాజు మీటరు చూడటం మానేసి నన్ను చూస్తున్నాడు. అద్దం వెనక నమలడం ఆగింది. నా నోట్లోంచి ఒకేసారి ఏమేం బయటపడ్డాయో అప్పుడు నాకు తెలిసింది.

"వారిజా, అంటే?" అంది స్పీకరు. బాతు గొంతులో ఇప్పుడు కొంచెం మనిషి వినిపిస్తున్నాడు.

"అంటే ఏమిటి, అంటే? వేపుడంటే ఇదా? ముక్క వేగలేదు, వెల్లుల్లి మాడింది, పైన బెల్లం. కాకరకాయ వేయించడం మీ ఇంట్లో ఒక్కరికీ రాదు. నేనొచ్చి చేస్తే తప్ప బాగుపడేలా లేరు. ఇంకో ముక్క తిను, బెల్లం అంటనిది చూసి తిను."

అతను గిన్నెలో వేలుపెట్టి వెతికాడు. ఒక ముక్క ఏరి నోట్లో వేసుకుని, తల వంచుకుని నమలసాగాడు. మాణిక్యాంబగారు నా భుజం పట్టుకున్నారు. నేను కళ్లు మూసుకుని ఆ ముక్క కోసం ఎదురు చూశాను.

వచ్చింది. చేదుగానే వచ్చింది. కానీ ఇంకో రుచి కూడా వచ్చింది. నేను ఏడవడం లేదు.

"ఉప్పెక్కువైంది" అన్నాను.